అంతర్జాతీయ న్యాయస్థానానికి అర్జీ – మన మాటలపై ఒక విమర్శ

మార్టూరులో ఈ మధ్య ఒక అర్జీ నా చేతికి వచ్చింది. జుమా నమాజు ముగిసి జనం చెదిరిన తరువాత ఒక పెద్దమనిషి మసీదు అరుగు మీద నా ప్రక్కన కూర్చుని, సంచిలోనుంచి ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టిన నాలుగు కాగితాలు తీసి, “మౌల్సాబు గారూ, దీన్ని ఇంగ్లీషులో పెట్టి ఇవ్వాలి. బయటి దేశం పోవలసిన కాగితం” అన్నారు. ఆయనది నూర్బాషా కుటుంబం. తండ్రి కాలం వరకు ఇంట్లో దూది ఏకేవారు. ఈయన వయసులో ఉండగా మిరప కళ్లాల్లో కాటా పట్టారు. కుమారుడు గ్రానైటు పాలిషింగు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మా రెండు ఇళ్లకూ పాత పరిచయం కనుక నేను ఆయనను బాబాయి అనే పిలుస్తాను.

నాలుగు పేజీలూ చదివాను. తెలుగు చక్కగానే ఉంది. వ్రాసినవారు పత్రికా భాషకు అలవాటు పడినవారని తెలుస్తూనే ఉంది. పైన “అంతర్జాతీయ మానవ హక్కుల న్యాయస్థానం, జెనీవా వారి దివ్య సముఖమునకు” అని ఉన్నది. లోపలి సంగతి ఇది. ఒక దొంగతనం కేసులో అనుమానం మీద కుమారుణ్ణి స్టేషనుకు తీసుకుపోయి, మూడు రాత్రులు మేజిస్ట్రేటు ఎదుట హాజరు పరచకుండా ఉంచి కొట్టారు. ఆ తరువాత రిమాండు, ఆ తరువాత జామీను. కుడిచేతి రెండు వ్రేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు. పాలిషింగు యంత్రం దగ్గర పనివాడికి వ్రేళ్లు ముడుచుకోకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఇదంతా జరిగి పదునాలుగు నెలలు. కారు అద్దం మీద “మానవ హక్కులు” అని ఎర్ర అక్షరాలతో వ్రాయించుకొన్న ఒక ఆసామి ఈ అర్జీ తయారు చేయించి, అంతర్జాతీయ కోర్టులో నమోదు ఖర్చు క్రింద ఎనిమిది వేల రూపాయలు పుచ్చుకొని, నంబరు వచ్చేదాకా మరెక్కడికీ పోవద్దని చెప్పాడట. బాబాయి పదకొండు నెలలు నంబరు కోసం ఎదురు చూశారు. ఇప్పుడు ఇంగ్లీషు తర్జుమా లేనందువల్ల నంబరు రాలేదని కబురు వచ్చింది.

“బాబాయీ, జెనీవాలో ఇటువంటి న్యాయస్థానం లేదు” అన్నాను. ఆయన నమ్మలేదు. “పేపర్లో రోజూ వస్తుంది గదా! అయినా నిజాం నవాబు ఐక్యరాజ్య సమితికి పోలేదా?” అన్నారు.

రెండవ మాటకు జవాబు తేలిక. 1948 ఆగస్టు 21న హైదరాబాదు ప్రభుత్వం భద్రతా మండలికి వ్రాసుకొన్న సంగతి నిజమే. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 16న మండలి ఆ విషయం ఎత్తుకొన్నది. మరునాటికి లొంగుబాటు జరిగిపోయింది. అయితే అది ఒక ప్రభుత్వం మరొక ప్రభుత్వం మీద చేసిన ఫిర్యాదు. సర్ వాల్టర్ మాంక్టన్ వంటి న్యాయవాదిని సలహాదారుగా పెట్టుకోగలిగిన సంస్థానాధీశుని వ్యవహారం. ఫ్యాక్టరీ కార్మికుని వ్యవహారానికి అది దృష్టాంతం కాజాలదు. నన్ను బాధించినది మొదటి మాట. ఎందుకంటే అది నిజం. పేపర్లో రోజూ వస్తుంది. కరపత్రాల్లో వస్తుంది. మన త్రైమాసికం వంటి పత్రికల్లోనూ వస్తుంది. దాన్ని వ్రాసేది అనువాదకులమైన మేమే. ఈ విమర్శ మొదట నా వృత్తి మీద.

ఉన్నదేమిటో ముందు చెప్పుకోవాలి. మానవ హక్కుల న్యాయస్థానాలు అనదగినవి ప్రపంచంలో మూడు. ఐరోపా దేశాలకు స్ట్రాస్‌బర్గ్‌లో ఒకటి, అమెరికా ఖండాలకు కోస్టారికాలోని సాన్ హొసేలో ఒకటి, ఆఫ్రికాకు టాంజానియాలోని అరూషాలో ఒకటి. ఆసియాకు లేదు. హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం రాజ్యాల తగవులు మాత్రమే వింటుంది. అదే ఊళ్లోని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వ్యక్తులను శిక్షించేది. దాని శాసనం మీద భారతదేశం సంతకం చేయలేదు. జెనీవాలో ఉన్నవి న్యాయస్థానాలు కావు. ఒడంబడికల అమలును పరిశీలించే నిపుణుల కమిటీలు కొన్ని, రాజ్యాల ప్రతినిధులు కూర్చునే మండలి ఒకటి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారతదేశం 1979 ఏప్రిల్ 10న చేరింది. కాని ఒక వ్యక్తి తన ప్రభుత్వం మీద ఆ కమిటీకి ఫిర్యాదు చేసుకోవాలంటే దానికి వేరే అనుబంధ ఒడంబడిక ఉన్నది. దానిని భారతదేశం అంగీకరించలేదు. జాతి వివక్ష ఒడంబడికలో వ్యక్తుల ఫిర్యాదుకు అవకాశమిచ్చే 14వ అధికరణం క్రింద ప్రకటన చేయలేదు. చిత్రహింసల నిషేధ ఒడంబడిక మీద 1997లో సంతకం చేసింది, ధ్రువీకరించలేదు. మార్టూరు మొదట గుంటూరు జిల్లాలో ఉండేది, 1970లో ఇప్పటి ప్రకాశంలోకి వెళ్లింది, 2022లో బాపట్ల జిల్లాలోకి వచ్చింది. జిల్లా ఏదైనా అక్కడినుంచి ఆ కమిటీల గుమ్మానికి మాత్రం దారి పడలేదు.

ముస్లిం దేశాలు ఈ విషయంలో మెరుగు అనుకొనే పాఠకులుంటారు. మన ఇల్లు కూడా చూసుకోవాలి. 1990లో కైరోలో ఇస్లామీ దేశాలు ప్రకటించిన మానవ హక్కుల ప్రకటనలో హక్కుల జాబితా ఉన్నది. హక్కు పోయినవాడు ఎవరికి చెప్పుకోవాలన్నది లేదు. అరబ్ దేశాల హక్కుల పత్రం 2008లో అమలులోకి వచ్చింది. అరబ్ మానవ హక్కుల న్యాయస్థానం ఏర్పాటుకు 2014లో శాసనం అంగీకరించారు; ఆ న్యాయస్థానం ఇంతవరకు తలుపు తెరవలేదు. కువైట్‌లోనో రియాద్‌లోనో జీతం అందక నిలిచిపోయిన మన జిల్లాల పిల్లవాడు, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండగా, ఏ న్యాయస్థానానికి వ్రాసుకోవాలి? మజాలిమ్ దర్బారుల గురించి, అధికారుల అన్యాయాన్ని విచారించడానికి పాలకుడే కూర్చునే విధానం గురించి, మావర్దీ తన గ్రంథంలో ఒక అధ్యాయమే కేటాయించాడని మనం సభల్లో గర్వంగా చెప్పుకొంటాం. ఆ గర్వం ఆ పిల్లవాడికి ఎందుకూ కొరగాదు.

ఇక మాటల సంగతి. తెలుగులో ‘మానవ హక్కుల సంఘం’ అంటే ఏమిటి? 1993 చట్టం క్రింద ఢిల్లీలో ఏర్పడిన జాతీయ కమిషనూ అదే, రాష్ట్ర కమిషనూ అదే, పది మంది కలిసి రిజిస్టరు చేయించుకొన్న సభా అదే. కమిషను అనే అధికార సంస్థకు, కోరి చేరినవారి సంఘానికి మనం ఒకే మాట పెట్టాం. ఎర్ర అక్షరాల కారు ఆ ఒక్క మాట మీదనే నడుస్తున్నది. పల్లెలో తలుపు తట్టి “మానవ హక్కుల సంఘం నుంచి వచ్చాం” అంటే, వచ్చినది సర్కారో కాదో వినేవాడికి తెలిసే వీలు లేదు. అలాగే ‘సమితి’. ఐక్యరాజ్య సమితి సమితే; దాని క్రింది నిపుణుల కమిటీనీ కొందరు సమితి అంటారు. ‘మండలి’ని ‘కౌన్సిల్’ అని ఒక పేజీలో, ‘సంఘం’ అని మరొక పేజీలో చూస్తాం. వీటన్నిటితో విసుగెత్తి వార్త వ్రాసేవాడు ‘అంతర్జాతీయ న్యాయస్థానం’ అని ముగిస్తాడు. నేనూ ముగించాను. పన్నెండేళ్ల క్రితం ఒక అరబీ వ్యాసం తర్జుమా చేస్తూ ‘లజ్నా’ అన్న చోట ‘న్యాయస్థానం’ అని వ్రాశాను. వాక్యానికి గాంభీర్యం వస్తుందని! ఎవరూ పట్టుకోలేదు. ఆ వ్యాసం కూడా ఏ మార్టూరులోనో ఎవరో ఒకరు చదివే ఉంటారు.

అరబీవారికీ ఈ చిక్కు వచ్చింది. వారి భాషలో కమిషనుకు, కమిటీకి కూడా ‘లజ్నా’ అన్న మాటే వాడుకలో ఉండేది. 2006 వరకు జెనీవాలో మానవ హక్కుల కమిషను ఒకటి, మానవ హక్కుల కమిటీ ఒకటి రెండూ ఉండేవి గనుక, రెండవదానిని వేరు చేయడానికి ఐక్యరాజ్య సమితి అనువాదకులు ‘అల్లజ్నతుల్ మఅనియ్యతు బి హుఖూఖిల్ ఇన్సాన్’, అంటే మానవ హక్కులకు సంబంధించిన కమిటీ అని, అదనంగా ఒక మాట చేర్చి వ్రాశారు. వినడానికి మొద్దుగా ఉంటుంది. సాహిత్యాభిమానులకు నచ్చదు. కాని రెండు తలుపులకు రెండు పేర్లు ఉన్నాయి. మనం అందం కోసం ఆ మాత్రం మొద్దుతనానికి కూడా ఒప్పుకోలేదు. కమిషనును కమిషను అనే ఉంచాలి, కమిటీని కమిటీ అనే వ్రాయాలి. అవి తెలుగు మాటలు కావనే పట్టింపు అనవసరం. హక్కు ఎక్కడిది? వకీలు, దావా, జామీను ఎక్కడివి? ఫిర్యాదు పారసీకం. మన కోర్టు తెలుగులో సగం ఓడలో వచ్చినదో, గుర్రం మీద వచ్చినదో.

ఈ చర్చ మాటల మీది మోజు కాదు. 1993 చట్టంలో 36వ విభాగం రెండవ భాగం ప్రకారం, సంఘటన జరిగిన ఒక సంవత్సరం తరువాత వచ్చిన ఫిర్యాదును కమిషను విచారించరాదు. ఆ ఫిర్యాదుకు రుసుము లేదు, వకీలు అక్కరలేదు, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా వ్రాయవచ్చు. అంటే బాబాయి తెలుగులో, ఒక తెల్ల కాగితం మీద వ్రాసి పోస్టులో వేస్తే సరిపోయేది. లేని న్యాయస్థానం నంబరు కోసం ఎదురు చూస్తూ ఉండగా ఆ సంవత్సరం కాస్తా గడిచిపోయింది. ‘సంఘం’, ‘న్యాయస్థానం’ అనే రెండు మాటల అస్పష్టత ఒక కుటుంబానికి ఒక తలుపు మూసింది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన కూడా తన 8వ అధికరణంలో జాతీయ న్యాయస్థానాల గురించే మాట్లాడింది. పరిహారం ముందు ఇంట్లో దొరకాలన్నది దాని ఉద్దేశం. మన అనువాదాల్లో ‘విశ్వ’ అన్న మాట ఎంత పెద్దగా వినిపించిందో ‘జాతీయ’ అన్న మాట అంత చిన్నదైపోయింది.

న్యాయస్థానం నిజంగా ఉన్నచోట ఏమవుతున్నది? అక్కడ ప్రశ్న వకీలు మీదికి వస్తుంది. ఐర్లాండులో ఎయిరీ అనే ఒక గృహిణి భర్తనుంచి న్యాయబద్ధంగా విడిపోవాలనుకొన్నది. అందుకు ఉన్నత న్యాయస్థానానికి పోవాలి. వకీలును పెట్టుకొనే స్తోమతు లేదు. అటువంటి కేసులకు అక్కడ ప్రభుత్వ సహాయం లేదు. వకీలు లేకుండా ఆమె స్వయంగా హాజరు కావచ్చును గదా, అడ్డు ఎవరన్నారు అన్నది ప్రభుత్వ వాదన. 1979 అక్టోబరు 9న స్ట్రాస్‌బర్గ్ న్యాయస్థానం ఆ వాదన త్రోసిపుచ్చింది. వాడుకోవడానికి వీలులేని హక్కు కాగితం మీది హక్కేనని తేల్చింది. అక్కడ ఆమె తరఫున వాదించిన మేరీ రాబిన్సన్ తరువాత ఐర్లాండు అధ్యక్షురాలై, ఆపైన ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల హైకమిషనరు కూడా అయ్యారు. అయినా ఆ న్యాయస్థానం తన దగ్గర ఇచ్చే న్యాయ సహాయం ఎప్పుడు మొదలవుతుంది? దరఖాస్తు పరిశీలించి, ప్రభుత్వాన్ని జవాబు అడిగిన తరువాత. మొదటి దరఖాస్తు ఎవరి ఖర్చు వారిదే. ఆ దరఖాస్తు సభ్యదేశాల అధికార భాషల్లో దేనిలోనైనా ఉండవచ్చు. తెలుగు, ఉర్దూ, అరబీలకు చోటు లేదు. స్వదేశంలో ఆఖరి తీర్పు వచ్చిన నాలుగు నెలల్లోగా అందాలి. 2022 ఫిబ్రవరి వరకు ఆ గడువు ఆరు నెలలుండేది. లండనులోనో మాంచెస్టరులోనో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ దారి నిజంగా ఉన్నది. వారు ఈ గడువు గుర్తు పెట్టుకోవాలి.

ముఖం కప్పుకోవడాన్ని నిషేధించిన ఫ్రాన్సు శాసనం మీద వచ్చిన కేసు పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పాకిస్తానులో పుట్టిన ఒక ఫ్రెంచి పౌరురాలు, పేరు బయటపెట్టకుండా, ఆ శాసనం అమలులోకి వచ్చిన 2011 ఏప్రిల్ 11నే దరఖాస్తు పెట్టింది. ఆమె న్యాయవాదులు ఫ్రాన్సువారు కారు, ఇంగ్లండులోని బర్మింగ్‌హాం వారు. 2014 జూలై 1న ఆమె ఓడిపోయింది. 2018లో జెనీవాలోని కమిటీ అదే శాసనం మీద వేరే ఇద్దరు స్త్రీల ఫిర్యాదు విని, ఫ్రాన్సుది తప్పన్నది. ఒకే శాసనం, రెండు తలుపులు, రెండు జవాబులు. మొదటిది తీర్పు; రెండవది అభిప్రాయం, దానిని జప్తుకు పంపే అమీనా ఎవరూ లేరు. మన పత్రికలు రెండింటినీ ‘అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు’ అంటే పాఠకుడికి ఏమి అర్థం కావాలి?

వకీలు అన్నాను గనుక హిదాయా చదివినవారికి ఒక విషయం జ్ఞాపకం చేస్తాను. వ్యాజ్యంలో వకీలును నియమించడం గురించి ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఒక షరతు పెట్టారు. కక్షిదారుడు రోగి కాకపోతే, మూడు రోజుల ప్రయాణపు దూరాన లేకపోతే, ఎదుటి పక్షం ఒప్పుకోనిదే ఆ నియామకం ఎదుటివానిని కట్టివేయదన్నారు. వాదించే నేర్పు అందరికీ ఒకేలా ఉండదు, నేర్పరి వకీలు వల్ల ఎదుటివాడికి నష్టం కలుగవచ్చునన్నది ఆయన ఆలోచన. శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఆ షరతు అక్కరలేదన్నారు. హజ్రత్ అలీ (రజి) తన వ్యాజ్యాలకు అన్నగారైన అఖీల్‌ను, ఆయన వృద్ధుడైన తరువాత అబ్దుల్లా బిన్ జాఫర్‌ను వకీలుగా పెట్టారన్న ఉల్లేఖనం ఆ చర్చలోనే వస్తుంది. చదువుకొనే రోజుల్లో ఇది పరీక్షకు పనికివచ్చే భేదాభిప్రాయంగానే చూశాను. ఇప్పుడు చూస్తే ఇమామ్ గారు అనుమానించిన ప్రమాదమే మన కళ్లెదుట ఉన్నది. ఒక పక్షాన ప్రభుత్వ న్యాయవాది ఎప్పుడూ ఉంటాడు. రెండవ పక్షాన పనివాడు. నేర్పులో ఆ తేడాకు మందు బలవంతుని వకీలును తీసివేయడం కాదు, బలహీనునికి ఒక వకీలును ఇవ్వడం.

ఈ సందర్భంలో ఒక చిన్న మాట. అరబీలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. దావా ఎవరి మీద వేశారో అతడు ముద్దఆ అలైహి. తెలుగులోకి వచ్చేసరికి ముద్దాయి నేరం మోపబడినవాడైపోయాడు. ఎప్పుడు, ఏ కచేరీలో ఈ తారుమారు జరిగిందో నేను చెప్పలేను గాని, ఫిర్యాదు చేయడానికి స్టేషను మెట్లెక్కినవాడు ముద్దాయిగా దిగిరావడం మన పల్లెల్లో మరీ వింత కాదు.

అంతర్జాతీయ పత్రాల వల్ల మనకు ఉపయోగం లేదా? ఉన్నది. కాని అది జెనీవాలో కాదు, మన న్యాయస్థానాల్లోనే కనిపించింది. 1979లో ఆ ఒడంబడికలో చేరినప్పుడు భారత ప్రభుత్వం 9వ అధికరణం మీద ఒక ప్రకటన చేసింది. అక్రమ నిర్బంధానికి గురైనవారు ప్రభుత్వం మీద నష్టపరిహారం కోరే హక్కు మన చట్టంలో లేదని దాని సారాంశం. నాలుగేళ్లకు రుదుల్ షా అనే బీహారు ఖైదీ కేసు వచ్చింది. 1968 జూన్‌లో నిర్దోషిగా తేలిన మనిషిని 1982 అక్టోబరులో గాని విడువలేదు. 1983లో సుప్రీంకోర్టు, అంతకుముందు ఇచ్చిన 5 వేలు కాక మరో 30 వేల రూపాయలు చెల్లించమన్నది. తరువాతిది ఒరిస్సాకు చెందిన నీలాబతి బెహెరా కేసు. 1987 డిసెంబరులో పోలీసులు తీసుకుపోయిన ఆమె కుమారుడు, 22 ఏళ్లవాడు, మరునాడు రైలు పట్టాల మీద శవమై దొరికాడు. ఆ తల్లి 1988 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం వ్రాసింది. ఆ ఉత్తరమే రిట్ అయింది. 1993 మార్చి 24న వచ్చిన తీర్పులో న్యాయమూర్తులు ఒడంబడికలోని 9వ అధికరణాన్ని ప్రస్తావించి, ప్రాథమిక హక్కు పోయినప్పుడు నష్టపరిహారం ఇప్పించే అధికారం తమకు ఉన్నదని తేల్చి, లక్షా యాభై వేల రూపాయలు ఇప్పించారు. ఖర్చుల క్రింద పదివేలు సుప్రీంకోర్టు న్యాయ సహాయ కమిటీకి ఇమ్మన్నారు. ఈ చివరి సంగతి మన వ్యాసాల్లో ఎక్కడా కనబడదు. నా దృష్టిలో తీర్పులో అది తక్కువ ముఖ్యమైనది కాదు. ఆ తల్లి ఉత్తరం వెనుక సహాయపడిన చేయి ఒకటి ఉన్నదని న్యాయస్థానమే గుర్తించింది. 1996 డిసెంబరు నాటి డి.కె. బసు తీర్పులో, 1979 నాటి ఆ ప్రకటనకు ఇక విలువ లేదని కూడా అన్నారు.

దీని ప్రక్కన మన సొంత అనుభవం పెట్టి చూడాలి. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో ప్రేలుడు జరిగిన తరువాత పలువురు ముస్లిం యువకులను పట్టుకుపోయారు. రాష్ట్ర మైనారిటీల కమిషను నియమించిన న్యాయవాది ఎల్. రవిచందర్ జైలుకు వెళ్లి వారి మాటలు నమోదు చేసి, హింస జరిగిందని నివేదిక ఇచ్చారు. కేసులు నిలువలేదు. దర్యాప్తు మరో దిక్కుకు మళ్లింది; అక్కడ నిందితులైన వారిని కూడా 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం విడిచిపెట్టింది. ఈ మధ్యలో, 2011 చివర, ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించింది. 20 మందికి మూడేసి లక్షలు, 50 మందికి ఇరవై వేల చొప్పున. మనం సంతోషించాం. 2013 సెప్టెంబరులో ఉన్నత న్యాయస్థానం, అటువంటి చెల్లింపుకు చట్టంలో ఆధారం లేదని ఆ ఉత్తర్వులను కొట్టివేసి, సొమ్ము తిరిగి రాబట్టమన్నది. ఆ తీర్పు సరైనదా కాదా అన్నది న్యాయవాదుల చర్చ. నాకు అది కఠినంగానే కనిపించింది. కాని విమర్శ మన మీద కూడా ఉన్నది. నీలాబతి బెహెరా అడిగినది హక్కు, న్యాయస్థానం విచారించి ఇచ్చింది, నిలిచింది. మనవారు పుచ్చుకొన్నది ప్రభుత్వ దయ. ఇచ్చినవారి చేతిలోని కాగితం చెల్లదనగానే అది పోయింది. బీదల వంతును ఖుర్ఆన్ హక్కు అని పేర్కొన్నదని ప్రతి రమజానులోనూ వినే సమాజం, ఇక్కడ హక్కుకు బదులు దయతో తృప్తి పడింది.

జెనీవాలో వకీలు లేకుండా, రుసుము లేకుండా, ఏ దేశం నుంచైనా వ్రాయగల చోటు ఒకటి ఉన్నదని కూడా చెప్పాలి. ఇష్టానుసార నిర్బంధాలను పరిశీలించే కార్యవర్గం అది, 1991లో ఏర్పడింది. స్వదేశంలో కోర్టులన్నీ తిరిగి ఉండాలన్న నియమం దానికి లేదు. అమలాపురంలో పుట్టిన ఆచార్య జి.ఎన్. సాయిబాబా నిర్బంధం అటువంటిదేనని అది 2021లో అభిప్రాయం ఇచ్చింది. ఆయనకు జైలు తలుపు తెరిచినది 2024 మార్చిలో బొంబాయి ఉన్నత న్యాయస్థానం నాగపూరు ధర్మాసనం ఇచ్చిన తీర్పు. అదే సంవత్సరం అక్టోబరు 12న ఆయన హైదరాబాదులో కన్నుమూశారు. ఆ అభిప్రాయం వృథా అని నేను అనను. జైల్లో ఉన్న మనిషికి తన మాట ఎవరో విన్నారని తెలియడం చిన్న సంగతి కాదు. కాని దాన్ని న్యాయస్థానం అని పిలిస్తే, కుటుంబం వకీలు దగ్గరకు పోవలసిన రోజులు ఉత్తరం కోసం గడిచిపోతాయి.

మార్టూరు నుంచి పర్చూరు మీదుగా పోతే కారంచేడు ఎంతో దూరం కాదు. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు దళితుల హత్య జరిగింది. సుప్రీంకోర్టులో ఆఖరి తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవైమూడేళ్లు! రేపు ఆసియాకు ఒక న్యాయస్థానం వచ్చినా, స్వదేశపు మార్గాలన్నీ ముగిసిన తరువాతే రమ్మంటుంది. మరీ అన్యాయమైన ఆలస్యానికి మినహాయింపు ఉన్నా, అది అన్యాయమైన ఆలస్యమేనని వాదించడానికి మళ్లీ వకీలు కావాలి. కారంచేడు బాధితులు చీరాలకు చేరి నిలబడగలిగారంటే అందులో న్యాయవాదుల పాలు ఉన్నది. ఉన్నత న్యాయస్థానంలో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం ఆ సంఘటన తరువాత పదవి వదులుకొని వారి ప్రక్కకు వచ్చారు. 1998 నుంచి దళిత హక్కుల సంస్థలు ఆ బాధను జెనీవాకు, 2001లో డర్బన్ మహాసభకు తీసుకుపోయాయి. పుట్టుక వల్ల వచ్చే వివక్ష జాతి వివక్ష ఒడంబడిక పరిధిలోకి వస్తుందని, అందులో కులమూ ఉన్నదని 2002లో ఆ కమిటీ స్పష్టం చేసింది. వారు న్యాయస్థానం లేనిచోట న్యాయస్థానం ఉన్నదని తమ జనానికి చెప్పలేదు. ఏ తలుపు దేనికో తెలుసుకొని పోయారు. మనం వారి దగ్గర నేర్చుకోవలసినది ఇంకా చాలా ఉన్నది.

ఇంట్లో ఉన్న న్యాయ సహాయం పేరు కూడా మనవారి నోట పలకదు. 1976 సవరణతో రాజ్యాంగంలో 39-ఏ అధికరణం వచ్చింది. విచారణ లేకుండా బీహారు జైళ్లలో మ్రగ్గిపోతున్నవారి గురించి హుస్సేనారా ఖాతూన్ పేరున 1979లో వచ్చిన తీర్పులు, వకీలును పెట్టుకోలేని నిందితునికి ప్రభుత్వ ఖర్చుతో వకీలు దొరకడం 21వ అధికరణంలో భాగమే అన్నాయి. ఆ కేసు పేరులోని ఆమె ఒక ముస్లిం ఖైదీ అని మనలో ఎందరికి తెలుసు? 1987లో చట్టం చేసి 1995 నవంబరు 9 నుంచి అమలు చేశారు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఇవ్వాలన్నారు. ఇంత మంచి చట్టానికి తెలుగులో పెట్టిన పేరు ‘న్యాయ సేవాధికార సంస్థ’. సేవ ఎవరిది, అధికారం ఎవరిది? బాబాయి ఆ బోర్డు కోర్టు ఆవరణలో చూశారట. కోర్టు గుమాస్తాల ఆఫీసు అనుకొన్నారట. ‘ఉచిత వకీలు ఇచ్చే చోటు’ అని వ్రాస్తే ఎవరికి నష్టం? ఆ ఉచిత వకీళ్లు అందరూ శ్రద్ధగా పని చేస్తారని నేను చెప్పబోవడం లేదు. వాయిదాకు రాని వారూ ఉంటారు. అయితే రాని వకీలు మీద అదే కార్యాలయంలో చెప్పుకొని మరొకరిని అడగవచ్చు. ఎర్ర అక్షరాల కారు మీద ఎక్కడ చెప్పుకోవాలి?

నుబువ్వతుకు ముందు మక్కాలో జరిగిన హిల్ఫుల్ ఫుదూల్ గురించి మన పత్రికల్లో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. జుబైద్ నుంచి వచ్చిన ఒక వర్తకుని సరుకు పుచ్చుకొని ఆస్ బిన్ వాయిల్ సొమ్ము ఎగవేశాడు. ఆ పరాయివాడికి అక్కడ తెగ లేదు, దిక్కు లేదు. అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట్లో కొందరు సమావేశమై, బాధితుడు ఎవరైనా అతని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. దైవప్రవక్త (స) అందులో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా అటువంటి పిలుపు వస్తే స్పందిస్తానన్నారు. ఆ వ్యాసాలన్నీ ప్రమాణం దగ్గర ఆగిపోతాయి. వారు తరువాత ఆస్ దగ్గరకు స్వయంగా నడిచి వెళ్లి, సరుకు తీసి ఇప్పించారు. మన జమాతుల్లో వకీళ్లు ఉన్నారు, చదువుకొన్న కుర్రవాళ్లు ఉన్నారు. జుమా తరువాత ఒక గంట మసీదు అరుగు మీద ఒకరు కూర్చుని, వచ్చినవారి కాగితం చదివి, ఇది ఏ గుమ్మానికి పోవలసినది, గడువు ఎప్పటితో ముగుస్తుంది అని చెబితే చాలు. అందుకు సంస్థ అక్కరలేదు, కారు అంతకన్నా అక్కరలేదు.

ఆనాడు బాబాయీ నేనూ అస్ర్ వరకు కూర్చున్నాం. నాలుగు పేజీలు ఒకటిన్నర పేజీ అయింది. ‘దివ్య సముఖము’ పోయింది, ‘విశ్వ మానవ సౌభ్రాతృత్వం’ పోయింది. తీసుకుపోయిన తేదీ, వేళ, మేజిస్ట్రేటు ముందుకు తెచ్చిన తేదీ, వ్రేళ్లకు కట్టు కట్టిన ఆసుపత్రి, చూసినవారి పేర్లు మిగిలాయి. కమిషను గడువు దాటిపోయింది గనుక మిగిలినది ఉన్నత న్యాయస్థానంలో రిట్ దారి. దానికి వకీలు కావాలి. కుమారుడు ఫ్యాక్టరీ కార్మికుడు గనుక ఉచిత వకీలును అడిగే అర్హత ఉన్నది. అర్జీ పైన న్యాయ సేవల కమిటీ పేరు వ్రాశాం. తెలుగులోనే ఉంచాం. ఆసుపత్రి చీటీ మాత్రం దొరకలేదు. ఎర్ర అక్షరాల ఆసామి అసలు కాగితాలన్నీ తన దగ్గరే ఉంచుకొన్నాడట. వాటి కోసం సోమవారం ఇద్దరం కలిసి వెళ్లాలని అనుకొన్నాం.